భోంచేశావా బాబూ?



మా సంఘము హైదరాబాదు శివారున నిజాంపేటలో ఉన్నది. ఒకప్పుడు పొలాలున్న పల్లె ఇది. హైటెక్ సిటీ ఉద్యోగాలు పెరిగిన కొద్దీ అపార్టుమెంట్లతో, హాస్టళ్ళతో నిండిపోయి, 2019లో మున్సిపల్ కార్పొరేషను అయింది. మీ గ్రామాల పిల్లలు ఎందరో చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చేది ఇక్కడికే. వారిని గూర్చి నేను నేర్చుకొన్న పాఠమొకటి మీతో పంచుకొంటాను. అది నేర్చుకోవడానికి నేను సముద్రాలు దాటవలసి వచ్చింది.

2023 సెప్టెంబరులో ఒక నెలపాటు స్విట్జర్లాండులోని బోసే వేదాంత పాఠశాలను దర్శించే తరుణము దేవుడు దయచేశాడు. జెనీవా నగరానికి కొద్ది దూరంలో, పెద్ద సరస్సుకు ఎదురుగా ఉన్న పాత భవంతి అది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన మరుసటి ఏడు, 1946లో దానిని ప్రారంభించారు. నేటికీ ఆర్థడాక్సు, కతోలిక, ప్రొటెస్టెంటు విశ్వాసులు అనేక దేశాలనుండి వచ్చి అక్కడ కలిసి చదువుకొంటారు, కలిసి ప్రార్థిస్తారు. మబ్బు లేని ఉదయాన సరస్సు అవతల మౌంట్ బ్లాంక్ మంచు శిఖరము కనబడుతుంది.

చూడడానికి అంతా రమ్యమే. బ్రతకడమే తెలియలేదు. మొదటి మూడు రోజులు కుళాయి నీళ్ళు త్రాగరాదేమోనని దుకాణములో సీసాలు కొన్నాను. అవి సోడా నీళ్ళని మూత తీశాకగాని తెలియలేదు. ఆదివారము రొట్టె కొందామని వెళితే దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. బట్టలుతికే యంత్రములో ఎర్ర తువ్వాలుతో కలిపి వేయగా నా తెల్ల అంగీ గులాబి రంగుకు తిరిగింది. ఇంట్లో ఆ పనులన్నీ నా భార్య చేస్తుంటే, అవి పనులని కూడా నాకు తోచలేదు! మన గడియారానికీ వారి గడియారానికీ మూడున్నర గంటల తేడా. అక్కడ రాత్రి తొమ్మిదికి ఫోను చేద్దామంటే ఇక్కడ ఇంటిల్లిపాది నిద్రలో ఉంటారు.

మూడవ రాత్రి భోజనశాలలో పళ్ళెము పట్టుకొని, ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియక నిలబడిపోయాను. ఎవరూ నన్ను చిన్నచూపు చూడలేదు. ఎదురైన ప్రతివారూ నవ్వుతూ "బోఁజూర్" అన్నారు. అయినా ఇరవై ఏళ్ళుగా ప్రసంగాలు చేసిన నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు టాంజానియా దేశపు పాస్టరుగారు ఒకరు కుర్చీ జరిపి, "ఇక్కడ కూర్చోండి. ఈరోజు ఏమైనా తిన్నారా?" అని అడిగారు. కుళాయి నీళ్ళు మంచివేనని చెప్పింది ఆయనే. మరునాడు యంత్రము మీటలు చూపించినదీ ఆయనే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా మందిరములో చివరి వరుసలో కూర్చొనే ఒక అబ్బాయి గుర్తుకు వచ్చాడు. శ్రీకాకుళము వైపు పల్లెనుండి వచ్చి హాస్టలులో ఉంటున్నాడని మాత్రమే నాకు తెలుసు. ఆరాధన అయ్యాక గుమ్మము దగ్గర నిలబడి ఉండేవాడు. "వందనాలు బాబూ" అని చెయ్యి కలిపి, తరువాతి వారివైపు తిరిగేవాడిని. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా తిన్నావా అని అడగలేదు. నా "వందనాలు" కూడా వట్టి "బోఁజూర్" వంటిదే కదా!

తిరిగి వచ్చిన వారమే అతని హాస్టలు వెదకుకొంటూ వెళ్ళాను. గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. మత్తయి 25వ అధ్యాయములో పరదేశిని చేర్చుకొనుటను గూర్చి ఎన్నోసార్లు ప్రసంగించినవాడను. ఆ మెట్ల మీద కూర్చొని ప్రభువును క్షమాపణ అడిగాను.

ఇప్పుడు మా సంఘములో ఒక ఏర్పాటు ఉన్నది. ప్రతి ఆదివారము ఒక కుటుంబము ఒక గిన్నెడు బియ్యము ఎక్కువ వండుతుంది. క్రొత్తగా వచ్చినవారిని ఆ ఇంటికి భోజనానికి తీసుకొని వెళతారు. పప్పు, పచ్చడి ఉంటే చాలు. ఏ బస్సు ఎటు వెళుతుందో, జ్వరము వస్తే ఏ డాక్టరు దగ్గరకు పోవాలో అక్కడే మాటల్లో తెలిసిపోతుంది.

పల్లెల్లోని అమ్మలారా, అయ్యలారా, పిల్లలను పట్నము పంపేటప్పుడు పచ్చడి సీసాతోపాటు అక్కడి సంఘకాపరి ఫోను నంబరు కూడా కట్టి ఇవ్వండి. వారు వస్తున్నారని మాకు ముందుగా ఒక మాట చెప్పండి. మీ ఊరి మందిరములో చివరి వరుసలో క్రొత్త ముఖము కనబడితే, వందనముతో ఆగక ఇంకొక మాట కూడా అడగండి.

ప్రభువు మిమ్మును, దూరాన ఉన్న మీ పిల్లలను దీవించును గాక. ఆమేన్.