బోర్డు మీద రేటు లేని వస్తువు

ప్రొద్దుటూరులో పుట్టినవాళ్లకు ఏది కొన్నా, ఏది అమ్మినా బంగారంతో పోల్చి చూసుకోవడం అలవాటు. రెండో బొంబాయి అని పేరుపడ్డ ఊరు మరి. పొద్దున అంగళ్లు తెరిచేసరికే బోర్డు మీద గ్రాము రేటు పడుతుంది. నగ కొనే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఆ దారిన పోతూ ఒకసారి తలెత్తి చూస్తారు. అందుకే నేను పాత ఫిల్మ్ కెమెరాలు కొనడం మొదలుపెట్టినప్పుడు ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న, "ఆ దుడ్లకు ఎంత బంగారం వస్తాదో తెలుసునా?" అని. తెలుసు. అప్పటి నుంచీ ప్రతి కెమెరా పక్కనా ఆనాటి బంగారం రేటు కూడా రాసి పెట్టుకుంటున్నాను. ఆ పుస్తకంలోని లెక్కలే ఇవి.

మా వైపు ఈ కెమెరాలు ముఖ్యంగా రెండు దారుల్లో వచ్చాయి. పెళ్లిళ్లు, బడి గ్రూపు ఫోటోలు తీసే స్టూడియోలు కొన్నవి ఒక రకం. వాటిలో ఎక్కువగా కనిపించేది యాషికా మ్యాట్ 124జి. ఛాతీ దగ్గర పట్టుకుని పైనుంచి కిందికి చూసే రెండు లెన్సుల కెమెరా అది. రెండో దారి కువైట్. మా జిల్లా నుంచి పోయినవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు టేప్ రికార్డరు, సెంటు సీసాలతో పాటు ఒక యాషికానో నికానో తెచ్చేవాళ్లు. ఇవి గాక మధ్యతరగతి ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ 3లు, హాట్‌షాట్‌లు ఉండేవి.

డిజిటల్ వచ్చాక వీటి ధర జారిపోయింది. 2006 జనవరిలోనే నికాన్ తన ఫిల్మ్ కెమెరాల్లో చాలావాటిని ఆపేస్తున్నానంది. అదే నెలలో కోనికా మినోల్టా కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఊటీలో ఇందు పేరుతో ఫిల్మ్ చేసిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా చివరికి మూతపడింది. స్టూడియోల్లో జెరాక్స్ మిషన్లు, ఫోన్ రీచార్జి కౌంటర్లు వచ్చాయి. కెమెరాలు అటకెక్కాయి.

నేను జమ్మలమడుగులో 124జి కొన్నది ఆ రోజుల్లోనే, 2011 చివర్లో. స్టూడియో ఎత్తేస్తున్న ఆయన ఆరు వేలు చెప్పాడు.

"జి అంటే గోల్డ్ అబ్బా. ఉత్త 124 గాదిది."

మాట నిజమే. లైట్ మీటరు లోపలి కనెక్షన్లకు బంగారు పూత ఉంటుంది. కానీ ప్రొద్దుటూరు మనిషికి పూత చూపించి రేటు పెంచాలంటే కుదిరే పనేనా?

"ఆ పూతంతా గీకినా ముక్కుపుడకకు గూడా రాదన్నా," అన్నాను. నవ్వాడు గానీ దిగలేదు.

దిగింది కెమెరాను పరీక్ష చేశాకే. షట్టరును ఒక సెకను మీద పెట్టి నొక్కితే, లోపలి పళ్లచక్రాలు మూలుగుతూ తిరిగి మూసుకోవడానికి రెండు సెకన్లు దాటింది. ఏళ్ల తరబడి వాడక గ్రీజు గట్టిపడితే అలాగే అవుతుంది. తర్వాత వెనక తలుపు తీసి, షట్టరును బి మీద తెరిచి ఉంచి, లెన్సులోంచి టార్చి వేశాను. అంచున తెల్లటి సన్నపోగులు కనిపించాయి. ఫంగస్. అప్పుడే మొదలైంది, ఇంకా గాజును తినలేదు. మీటరు ముల్లు కదల్లేదు. దానికి కావలసిన 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావు గనక అది నాకు పెద్ద విషయం కాదు. ఈ మూడూ ఆయనకు చూపించి, మరమ్మతుకు అయ్యే ఖర్చు లెక్కగట్టి చెప్పాను. నాలుగు వేలకు బేరం తెగింది. హైదరాబాదులో ఒక పాత మెకానిక్ రెండు వేలు తీసుకుని షట్టరు, లెన్సు బాగుచేశాడు. మొత్తం ఆరు వేలు.

ఆ తర్వాత కొన్నేళ్లకు గాలి తిరిగింది. ఫోనులో పుట్టి పెరిగిన పిల్లలకు ఫిల్మ్ కొత్తగా అనిపించింది. 1990లో వచ్చిన కాంటాక్స్ టీ2 అనే చిన్న కెమెరా గురించి 2017లో మోడల్ కెండల్ జెన్నర్ అమెరికా టీవీ కార్యక్రమంలో చెప్పాక దాని ధర ఎగిరిపోయింది. కొడాక్ తాను ఆపేసిన ఎక్టాక్రోమ్ ఫిల్మును 2018లో మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. గిరాకీ పెరిగినా కెమెరాల సరఫరా మాత్రం పెరగలేదు. 2020లో నికాన్ చివరి ఫిల్మ్ కెమెరా ఎఫ్6ను కూడా ఆపేసింది. పెంటాక్స్ 17 పేరుతో ఒక కొత్త కెమెరా రావడానికి 2024 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. వచ్చినప్పుడు దాని ధర 500 డాలర్లు. కొత్తది అంత పలికితే పాతవి అమ్మేవాళ్లు ఊరుకుంటారా?

ఆ గాలి మా ఊళ్లకు వింత రూపంలో చేరింది. గండికోటలో పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు మెడలో వేసుకోవడానికి పాత కెమెరా అద్దెకు అడగసాగారు. ఆ కెమెరా పని చేయాల్సిన అవసరం లేదు, తోలు పెట్టె బాగుంటే చాలు. అలా ఒకే మోడలుకు మూడు ధరలు ఏర్పడ్డాయి: రోలు వేసి ఫోటో తీసి చూపించినదానికి ఒకటి, షోపీసుకు ఒకటి, "పరీక్షించలేదు" అని చెప్పి అమ్మేదానికి మధ్యలో ఒకటి. ఈ మూడోదాన్ని నేను షోపీసు ధరకే అడుగుతాను. ఒక రోలు వేసి చూడటం అమ్మేవాడికి పెద్ద పని కాదు. ఆ పని చేయలేదంటే కారణం ఉంటుంది.

2023 డిసెంబరులో 124జిని 18 వేలకు అమ్మాను. వినేవాళ్లు నాలుగు వేలకు కొని పద్దెనిమిదికి అమ్మాడంటారు. నా పుస్తకం అలా అనదు. పెట్టుబడి ఆరు వేలు. అమ్మే ముందు మళ్లీ సర్వీసుకు, జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపడానికి మూడు వేలు. చేతికి మిగిలింది 15 వేలు, అంటే రెండున్నర రెట్లు. కొన్ననాడు మేలిమి బంగారం గ్రాము 2,800 దగ్గరుంది. ఆరు వేలకు రెండు గ్రాముల పైచిలుకు వచ్చేది. అమ్మిన నెలలో గ్రాము 6,300 దగ్గరుంది. ఆ బంగారం 13,500 అయ్యేది. పన్నెండేళ్లకు కెమెరా గెలిచింది పదిహేను వందలతో. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల బంగారం లక్ష దాటింది. అప్పటి దాకా ఉంచుకుని ఉంటే ఆ రెండు గ్రాముల పైచిలుకు విలువ 21 వేల పైమాటే. అదే మోడలు కెమెరాకు మాత్రం అప్పటికీ నాకు 18 వేలకు మించి అడిగినవాళ్లు లేరు.

ఈ లెక్కలో చేరని తేడా ఇంకొకటుంది. బంగారాన్ని మా వీధిలో టీ చల్లారేలోపు అమ్ముకోవచ్చు, బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. కెమెరా కొనేవాడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు. ఫోటోలు అడుగుతాడు, వీడియో అడుగుతాడు, ఆలోచించి చెప్తానంటాడు. ఆ నెలల్లో మనకు డబ్బు అవసరం పడిందా, వాడు చెప్పిందే ధర.

పులివెందులలో ఒక చీనీ (బత్తాయి) రైతు ఇంట్లో నికాన్ ఎఫ్ఎం2 ఉందని తెలిసి పోయాను. కువైట్ నుంచి తెచ్చింది. మంచి కెమెరా. దాని షట్టరు బ్యాటరీ లేకుండానే పని చేస్తుంది, బ్యాటరీ మీటరుకే. అందుకే మెకానిక్ దొరికినన్నాళ్లూ దానికి విలువ ఉంటుంది. లోపలంతా సర్క్యూట్లుండే చిన్న ఆటోమేటిక్ కెమెరాలకు ఆ భరోసా లేదు. ఒక్క ఐసీ పోతే స్పేర్ దొరకదు, 30 వేల వస్తువు ఆ నిమిషంలో షోపీసు. వాటి జోలికి నేను పోను. ఎఫ్ఎం2కు నేను పదిహేను వేల దాకా సిద్ధపడ్డాను. ఆయన ఫోను తీసి చూపించాడు.

"నలభై ఐదు వేలని ఈడ చూపిస్తాండాది గదప్పా."

"అది చెప్పే ధర మామా. చీనీకాయలకు నువ్వు టన్ను ఎంత చెప్పినావు, వ్యాపారి ఎంతకు తీసుకపోయినాడు?"

ఆయన గట్టిగా నవ్వి కాఫీ తెప్పించాడు. కెమెరా మాత్రం ఇవ్వలేదు. ఆయన ఇష్టం. నేనైతే ఎవరో చెప్పే ధరలు లెక్కలోకి తీసుకోను. అమ్ముడుపోయినవాటి ధరలు నాలుగైదు చూసి, నాకు దగ్గర్లో ఉన్న మెకానిక్ కూలి తీసేసి, మిగిలినదాంట్లో బేరం మొదలుపెడతాను.

ఇక వాడకం ఖర్చు. 124జిలో 120 రోలుకు పన్నెండు ఫోటోలు. రోలు వెయ్యి రూపాయలు, బెంగళూరుకు పంపి కడిగించి స్కాన్ చేయించడానికి ఆరు వందలు వేసుకుంటే ఒక్కో ఫోటో 130 రూపాయల పైన. 35 ఎంఎం రోలులో 36 వస్తాయి గనక ఒక్కోటి 45 లోపే. సెకండ్ హ్యాండ్ ధరలకు అసలు పగ్గం ఈ ఖర్చే. రోలు భరించలేనివాళ్లు మొదటి మూడు రోళ్లకే కెమెరాను మళ్లీ అమ్మకానికి పెడతారు. నేను కొన్నవాటిలో శుభ్రంగా ఉన్నవి చాలావరకు అలాంటివాళ్ల దగ్గరివే.

బంగారంతో ఇంత పోల్చాను గానీ, ఫిల్ములోనే వెండి ఉంటుంది. 1980 జనవరిలో అమెరికా వ్యాపారులు హంట్ సోదరుల కొనుగోళ్లతో వెండి ఔన్సు 50 డాలర్ల దగ్గరికి పోయింది. 2025 అక్టోబరులో ఆ గీత దాటింది. ఫోటో కడిగిన హైపో నీళ్లలో కరిగిన వెండిని తిరిగి తీయొచ్చు. అంటే స్టూడియోలో తూకానికి ధర పలికే సరుకు పారబోసే నీళ్లలో ఉండేది, గాజు బీరువాలోని కెమెరాలో కాదు.

పన్ను విషయంలో మాత్రం బంగారం మీద కెమెరాదే పైచేయి. సొంతానికి వాడుకున్న చరాస్తిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తి కింద చూడదు. దాన్ని అమ్మితే వచ్చిన లాభంపై మూలధన లాభాల పన్ను పడదు. నగలకు ఆ మినహాయింపు లేదు. 2024 జులై 23 తర్వాత అమ్మితే, రెండేళ్లకు పైబడి ఉంచుకున్న బంగారం లాభంపై 12.5 శాతం కట్టాలి. అయితే కొనడం, అమ్మడం ఒక పనిగా పెట్టుకుంటే అది వ్యాపార ఆదాయమవుతుంది, దానికి పన్ను తప్పదు.

ఇన్ని లెక్కలయ్యాక నా పద్ధతి ఇది. కెమెరాకు పెట్టేది ఖర్చు పద్దులోనే రాస్తాను, పొదుపు పద్దులో కాదు. పొదుపుకు వేరే దారులున్నాయి, వాటికి బోర్డు మీద రోజూ రేటు పడుతుంది. అమ్మినప్పుడు వచ్చింది పై డబ్బు. అలా అనుకుంటే కొనేటప్పుడు చేయి అదుపులో ఉంటుంది, అమ్మేటప్పుడు తొందర ఉండదు.

మీ ఇంట్లోనూ కువైట్ నుంచి వచ్చిందో, నాయన కొన్నదో ఒకటి ఉంటే కిందికి దించండి. ఒక రోలు వేసి చూడండి. బాగుంటే వాడుకోండి, లేదా ఆ ఫోటోలు చూపించి అమ్ముకోండి. ఫోనులో కనిపించే ధర చూసుకుంటూ అటక మీదే ఉంచితే మాత్రం, దాని రేటు ఏటేటా నిర్ణయించేది ఫంగసే.