ఖాగీనా పక్కన ఇజ్జె

నెల్లూరు తీరంలో బతికే మా సాయిబుల వంట గురించి చాలామందికి తెలిసింది ఒకే ఒక్క మాట, బిర్యానీ. పెళ్ళీ పండగా లేని రోజుల్లో మేం ఏం తింటామో ఎవరూ అడగరు. చెప్తాం వినండి. చేప దొరికితే మామిడికాయ వేసి పులుసు. దొరక్కపోతే చారు, నంజుకోడానికి ఎండు నెత్తళ్ళు. నెలాఖరుకు కోడిగుడ్లు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, టమాటా వేసి గుడ్డును పొరటితే మా తురకంలో దాని పేరు ఖాగీనా. మీ ఇళ్ళలో కోడిగుడ్డు పొరటు. పేరు ఫారసీ నుంచి వచ్చింది. మిగతాదంతా మన ఊరి సంతలోదే.

ఈ ఖాగీనా పక్కన మా పెనం మీదికి ఇంకో గుడ్డు వంట వచ్చి చేరింది. దాన్ని ఇజ్జె అంటారు. లెబనాన్ వంట. మా ఇంటికి లెబనాన్ నుంచి రాలేదు, కువైట్ మీదుగా వచ్చింది. విందుకు పోయినవాళ్ళు తెచ్చింది కాదు, వంటింట్లో గిన్నెలు తోమినవాళ్ళు తెచ్చింది.

కడప, చిత్తూరు, నెల్లూరు, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు కువైట్‌కు ఇంటిపనికి పోవడం దశాబ్దాలుగా సాగుతున్న సంగతే. వాళ్ళు పోయేది 20వ నెంబరు వీసా మీద. అక్కడ వాళ్ళ పేరు ఖద్దామా, అంటే పనిమనిషి. పోయినవాళ్ళలో మా ఆడవాళ్ళున్నారు, దళిత ఆడవాళ్ళున్నారు, బీసీ ఆడవాళ్ళున్నారు. అప్పుకు కులం లేదు, మతం లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడి మనవాళ్ళను సుమారు 1,70,000 మందిని అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. చాలామంది కట్టుబట్టలతో దిగారు. యుద్ధం ముగిశాక మళ్ళీ పోయారు. ఇక్కడి అప్పులు ఇక్కడే ఉన్నాయి మరి. ఇంటిపనివాళ్ళకు వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని కువైట్ చట్టం చేసింది 2015లో. అంతకు ముందు పనిచేసి వచ్చిన మా వాళ్ళకు ఆ చట్టం సంగతి చెప్తే నవ్వుతారు. ఆ నవ్వు మాకు తెలుసు.

మా ఖాలా అట్లా పోయి వచ్చిన మనిషే. కువైట్‌లో స్థిరపడ్డ ఒక లెబనాన్ కుటుంబంలో వంట చేసింది. అక్కడ కూసా అని సొరకాయ జాతి చిన్న కాయ ఒకటుంటుంది. లోపలి గుజ్జు తోడేసి, బియ్యం, కైమా కూరి వండుతారు. కూరిన కాయలు బల్ల మీదికి పోతాయి. తోడిన గుజ్జు వంటింట్లో మిగులుతుంది. దాన్ని పారేయకుండా గుడ్లలో కలిపి వేయిస్తే అది ఒక రకం ఇజ్జె. ఖాలా మొదట నేర్చుకుంది ఇదే.

ఇక్కడ మేం చేసుకునే పద్ధతి ఇది. కూసాకు బదులు లేత బీరకాయ. చెక్కు తీసి, తురిమి, ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేయాలి. ఉప్పుకు కాయ నీళ్ళొదులుతుంది. ఆ నీళ్ళను గట్టిగా పిండేయాలి. లేకపోతే నూనె చిటపటలాడుతుంది, గుడ్డు గట్టిపడదు. 4 గుడ్లు గిలక్కొట్టి అందులో ఈ తురుము, సన్నగా తరిగిన ఉల్లికాడలు, గుప్పెడు కొత్తిమీర, నాలుగు పుదీనా ఆకులు, మిరియాల పొడి, ఒక చెంచా మైదా కలపాలి. మిగిలిన తడిని ఆ మైదా పట్టి ఉంచుతుంది. అక్కడ వేసేది పార్‌స్లీ ఆకు, ఆలివ్ నూనె. మాకు కొత్తిమీర, వేరుశెనగ నూనె. సన్న సెగ మీద మూత పెట్టి, అడుగు ఎర్రబడ్డాక తిరగెయ్యాలి. గూడూరు నిమ్మకాయ పిండుకుని రొట్టెలో చుట్టుకు తింటే ఆ పూటకు కూర అక్కర్లేదు.

ఇంత చిన్న వంటకు ఎన్ని మాటలు పడ్డామో చూడండి.

పక్కింటామె గోడ మీంచి అడుగుతుంది: "ఏందక్కా, ఏందో అరబ్బు వంట వాసనొస్తా ఉండాదే!" ఆమె మంచిదే. కానీ అదే కొత్తిమీర, అదే బీరకాయ ఆమె పొయ్యి మీద తెలుగు వంట, మా పొయ్యి మీద అరబ్బు వంట. సెక్యులర్ మిత్రుడొకాయన తిని మెచ్చుకుని, "మీ అసలు సంస్కృతి ఇది" అన్నాడు. అసలుదా? మా తాతముత్తాతలెవరూ లెబనాన్ పేరు కూడా విని ఉండరు. వాళ్ళు ఈ ఇసుకలోనే పుట్టారు, ఈ ఇసుకలోనే ఉన్నారు.

ఇటు నుంచి మా వాళ్ళలో కొందరు కుర్రాళ్ళు. అరబ్బులది ఏదైనా దీన్‌కు దగ్గరంటారు. అదే నోటితో బారాషహీద్ దర్గాకు పోవద్దంటారు. మొహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే పండగ ఉంది గదా, అది ఇస్లాం కాదంటారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి హిందూ ఆడవాళ్ళూ మా ఆడవాళ్ళూ చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె ఇచ్చిపుచ్చుకుంటారు. విదేశీ రొట్టె కూడా ఉంది. ఖాలా కువైట్ పోయే ముందు పట్టుకున్నది అదే. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగ చేసింది. మాకు అంతకు చాలా ముందు నుంచే పండగ.

ఇద్దరికీ ఒకటే చెప్తున్నాం. లెబనాన్‌లో సున్నీలున్నారు, షియాలున్నారు, ద్రూజులున్నారు, క్రైస్తవులున్నారు. 1943 నాటి ఒప్పందం ప్రకారం ఆ దేశాధ్యక్షుడు మెరోనైట్ క్రైస్తవుడు. ఇజ్జె అందరి ఇళ్ళలోనూ వేగుతుంది. అరబ్బు అంటే ముస్లిం అని లెక్కగట్టినవాళ్ళు ఆ గుడ్డుకు ఏ మతం రాస్తారు?

గుడ్డుకు మతం రాసేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. అద్దె ఇల్లు అడగబోతే మొదట పేరు అడుగుతారు. పేరు విన్నాక, "మేం గుడ్డు కూడా వండనివ్వం" అంటారు. వద్దన్నది గుడ్డునా, మమ్మల్నా అని మేం అడగం, తెలుసు గనక. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టేది లేదంది. అక్కడ గుడ్డు పోగొట్టుకున్నది మా పిల్లలొక్కరే కాదు. ఆదివాసీ పిల్లలు, దళిత పిల్లలు. మమ్మల్ని దూరం పెట్టడానికి గీసిన గీత వెనక ఎప్పుడూ ఇంకా చాలామంది ఉంటారు. ఇది మా లౌకిక మిత్రులు గుర్తు పెట్టుకోవాలి.

మేం అరబ్బులం కాము. పాకిస్తాన్ వాళ్ళమూ కాము. చేపల పులుసు తిని, తురకం మాట్లాడి, తెలుగులో రాసుకునే నెల్లూరోళ్ళం. మా వంటలోకి ఫారసీ మాట ఎట్లా వచ్చిందో లెబనాన్ గుడ్డూ అట్లాగే వచ్చింది. మునుపు రాజులూ ఫకీర్లూ తెస్తే, ఇప్పుడు కూలి చేసే ఆడవాళ్ళు తెస్తున్నారు. మా చరిత్ర ఎవరైనా రాస్తే ఈ ఆడవాళ్ళ పేర్లు కూడా రాయాలి. ఎడారి నుంచి వచ్చిన డబ్బుతో లేచిన మిద్దెలు లెక్కపెట్టేవాళ్ళు, ఆ మిద్దెకు ఎన్నేళ్ళ నిద్ర ఖర్చయిందో కూడా లెక్కపెట్టాలి.

పక్కింటామెకు ఖాలా చెప్పిన జవాబు మాకు నచ్చింది. "అరబ్బుది గాదమ్మా, మిగిలినదాంతో చేసేది. నువ్వు గూడా చేసుకో" అని ఒక ముక్క చేతిలో పెట్టింది. ఆమె తినింది, మైదా ఎంత వేశావని అడిగింది. కువైట్‌లో అన్నేళ్ళు ఇజ్జె వండిన ఖాలాకు, అందరూ తిన్నాక చల్లారిన ముక్కే దొరికేది. ఇక్కడ మా ఇంట్లో మొదటి ముక్క, వేడి ముక్క, ఆమెదే.