రాయడానికొచ్చేసరికి ఆరున్నర

మా బావమరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఎంటెక్ చదివాడు, రోజూ అమెరికా వాళ్లతో కాల్స్. కెనడా పీఆర్ కోసం ఐఈఎల్‌టీఎస్ జనరల్ రాస్తే లిజనింగ్‌లో ఎనిమిదిన్నర, రీడింగ్‌లో ఎనిమిది, స్పీకింగ్‌లో ఏడున్నర వచ్చాయి. రైటింగ్‌లో మాత్రం ఆరున్నర. ఇక్కడ కెనడాలో, నేనుండే బ్రాంప్టన్‌లో నాకు తెలిసిన తెలుగు కుర్రాళ్లలో చాలామందిదీ ఇదే వరస.

అర బ్యాండే కదా అనుకుంటాం. పీఆర్‌కి మనుషుల్ని పాయింట్లతో ఎంచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ లెక్క అలా ఊరుకోదు. నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా భాషా కొలమానం) 9 ఉంటేనే చదువుకీ, విదేశీ అనుభవానికీ ఇచ్చే అదనపు పాయింట్లు పూర్తిగా పడతాయి. అందుకు రైటింగ్‌లో 7 రావాలి. పెళ్లికాని మావాడికి రైటింగ్ పాయింట్లలో 8, ఆ రెండింటిలో పాతికేసి, మొత్తం 58 పోయాయి.

సరే, ప్రాక్టీసుకి రాసినవి పంపరా అన్నాను. రైటింగ్ పరీక్షలో గంటలో రెండు రాయాలి. కనీసం 150 పదాల లేఖ, 250 పదాల వ్యాసం. వ్యాసానికి బరువు రెట్టింపు. లేఖలో చిరునామా అక్కర్లేదని ప్రశ్నలోనే ఉంటుంది. మావాడు డోర్ నంబరుతో మొదలుపెట్టాడు! బడిలో 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని లీవ్ లెటర్లు రాసిన చెయ్యి కదా. ప్రశ్న కింద అడిగిన మూడు విషయాల్లో ఒకటి వదిలేశాడు కూడా. మార్కులు పోయేది అక్కడే.

వ్యాసం, వృద్ధులు పిల్లల దగ్గర ఉండాలా, హోమ్‌లోనా అని. 'ఇన్ దిస్ మోడర్న్ ఎరా' అని ఎత్తుకున్నాడు, 'ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్' అన్నాడు, చివరికి రెండూ మంచివే అని తేల్చాడు.

"ఇది నీ అభిప్రాయమేనా?"

"అభిప్రాయం ఎవడడిగాడు బావా? కోచింగ్‌లో ఇచ్చిన టెంప్లేట్ అది."

ఆ అడిగేవాడు ఎగ్జామినరే. ప్రశ్నకు జవాబు చెప్పాడా, వరస కుదిరిందా, పదాలు, వ్యాకరణం అని నాలుగు కొలతలు, నాలుగిటికీ సమాన వాటా. బట్టీ కొట్టిన వాక్యాలు ఆయన ఇట్టే పట్టేస్తాడు. మన ఇంటర్‌లో వ్యాసమంటే గైడులోది దించడమే కాబట్టి, ఈ మూసలకి గిరాకీ ఎప్పటికీ తగ్గదు.

"మీ నాయనమ్మ ఊరికి ఎందుకెళ్లిపోయింది?" అని తెలుగులోనే అడిగాను. గడగడా చెప్పాడు. ఫ్లాట్‌లో పగలంతా తలుపేసుకుని ఒక్కతే కూర్చోవాలి, ఊళ్లో అరుగు మీద కూర్చుంటే పదిమంది పలకరిస్తారు. కొడుకు ఇల్లా, హోమా అన్నది కాదు బావా, పగటిపూట పక్కన మనిషున్నారా లేదా అన్నదే అసలు సంగతి అన్నాడు.

"అదే రాయరా!"

రాశాడు. ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాల్లోనే ఉంది, ఒకటి రెండు ఆర్టికల్స్ జారాయి. కానీ చదువుతుంటే ఒక మనిషి మాట్లాడుతున్నట్టుంది. పరీక్ష మళ్లీ రాయాలి, ఫలితం ఎలా ఉంటుందో చూడాలి.

ఈ పరీక్షకి కూర్చునేవాళ్లకి నేను చెప్పేదొకటే. మూసలు కొనడానికి డబ్బు తగలెయ్యకండి. రాసింది ఎవరికైనా చూపించి, ఇందులో నేనేమంటున్నానో చెప్పమనండి. వాళ్లు తడుముకుంటే మళ్లీ రాయండి.