అమ్మ దాచిన చీటీ

మాది చింతూరు దగ్గర ఒక కోయ పల్లె. 2009లో ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నప్పుడు కబడ్డీ ఆటలో ఒకబ్బాయి మోకాలు నా ముక్కుకు తగిలింది. నెత్తురు ఆగలేదు. మా మాస్టారు తన బండి మీద నన్ను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. నెత్తురు ఆపి, మందులిచ్చి, ఎముక విరిగి ఉండొచ్చు, భద్రాచలంలో ఎక్స్‌రే తీయించమన్నారు. మాస్టారు ఆ చీటీని మా అమ్మ చేతిలో పెట్టి, "ఇది పారేయొద్దమ్మా" అని చెప్పారు. వారానికి వాపు తగ్గింది. భద్రాచలం వెళ్లనే లేదు.

ముక్కు వంకరగానే అతుక్కుంది. హాస్టల్లో నన్ను వంకర ముక్కోడు అని పిలిచేవాళ్లు. ఆ పేరు అలవాటైపోయింది. అలవాటు కానిది ఊపిరి. ఎడమ పక్క గాలి ఆడేది కాదు. రాత్రి నోరు తెరుచుకుని పడుకుంటే తెల్లారేసరికి గొంతు ఎండిపోయేది. పగలు క్లాసులో కునుకు పట్టేది. బద్ధకం అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

చదువయ్యాక విజయవాడలో ఒక ప్రైవేటు ఉద్యోగంలో చేరాను. 2024లో ఒక చెవి ముక్కు గొంతు డాక్టరు చూసి, రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ పక్కకు వంగిపోయిందన్నారు. దాన్ని సరిచేసే ఆపరేషన్‌ను సెప్టోప్లాస్టీ అంటారట. ఖర్చు నా మూడు నెలల జీతం. ఉద్యోగంతో వచ్చిన బీమా ఉంది కదా అని ధైర్యంగా కాగితాలు పంపాను. రెండో రోజే జవాబు వచ్చింది. ఇది అందం కోసం చేయించుకునే చికిత్స, పాలసీ వర్తించదు.

సిగ్గనిపించింది. పదిహేనేళ్లు ఇలాగే బతికాను, ఇక ముందు బతకలేనా అని వదిలేయబోయాను. ఆఫీసులో ఒక అక్క మాత్రం, "పాలసీ కాగితం చదివావా?" అని అడిగింది. చదవలేదు. ఆ రాత్రి చదివాను. అందం కోసం చేసే చికిత్సకు డబ్బు ఇవ్వరన్న మాట నిజమే. కానీ అదే వాక్యంలో మినహాయింపు కూడా ఉంది. ప్రమాదంలో, కాలిన గాయాల్లో, క్యాన్సర్‌లో దెబ్బతిన్న అవయవాన్ని బాగుచేసే ఆపరేషన్‌కు ఆ నిషేధం లేదు. ఆరోగ్యానికి తప్పనిసరి అని వైద్యం చేసే డాక్టరు ధ్రువీకరించినా చూస్తారు. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలన్నిటికీ బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన మాటలివి.

మరి నాకు దెబ్బ తగిలిందని రుజువేది? అమ్మకు ఫోన్ చేశాను.

"ఏ చీటీయో నాకేం తెలుసురా, నాకు చదువొచ్చా? కాగితాలన్నీ రేకుపెట్టెలో ఉన్నాయి. వచ్చి చూసుకో."

వెళ్లాను. పోడు భూమికి వచ్చిన అటవీ హక్కుల పట్టా ఉన్న కవరులోనే ఆ చీటీ ఉంది. మడతల దగ్గర చిరిగింది గానీ నా పేరు, తేదీ, ముక్కుకు దెబ్బ అన్న మాట కనిపిస్తున్నాయి. దాని మీద ఖమ్మం జిల్లా అని ఉంది. నా ఆధార్‌లో అప్పటికి అల్లూరి సీతారామరాజు జిల్లా అని ఉండేది. 2014లో మమ్మల్ని తూర్పు గోదావరిలో కలిపారు, 2022లో కొత్త జిల్లాలో వేశారు. మా ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ సంగతి కూడా అర్జీలో రాశాను. గాలి ఆడటం లేదని, కారణం పాత దెబ్బేనని, ఆపరేషన్ రూపు కోసం కాదని డాక్టరు ఉత్తరం ఇచ్చారు. రెండూ జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపాను. రెండు వారాలకు ఒప్పుకున్నారు.

ఆపరేషన్ అయ్యి ఇంటికెళ్తే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ముక్కు అట్టాగే ఉందేంట్రా?"

"లోపల సరిచేశారమ్మా. బయట ముట్టుకోలేదు."

"నిద్ర పడతందా?"

"పడతంది."

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, రుసుము లేదు. సొంతంగా పాలసీ తీసుకునేవాళ్లు పాత దెబ్బను దాచొద్దు. దాస్తే తర్వాత అదే సాకవుతుంది. నా పాలసీలో మొదటి రోజు నుంచే పాత జబ్బులకు రక్షణ ఉంది. సొంత పాలసీలో అయితే పాత జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావొచ్చు. బీమా లేనివాళ్లు ముందు ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందేమో ఆసుపత్రిలో అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ.

మాస్టార్లకు ఒక మనవి. పిల్లాడికి దెబ్బ తగిలితే చీటీ రాయించండి, ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. క్లాసులో నిద్రపోయే పిల్లాడిని రాత్రి ఎలా నిద్రపోతున్నాడో అడగండి.

భూమికి కాగితం లేకపోతే ఏమవుతుందో మనవాళ్లకు బాగా తెలుసు. అందుకే పట్టాను ప్రాణంలా దాచుకుంటారు. ఒంటికీ కాగితం కావాలని నాకు చదువురాని మా అమ్మ వల్ల తెలిసింది. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంటి రేకుపెట్టె కూడా ఒకసారి తెరిచి చూడండి.