ఇంబ్రోస్ లోయలో అత్తయ్యతో నడక

గ్రీసు అనగానే మనకి ఏథెన్సు, పాతకాలపు రాతి స్తంభాలు గుర్తుకొస్తాయి. ఆ దేశానికి దక్షిణాన మధ్యధరా సముద్రంలో క్రీటు అనే దీవి ఉంది. గ్రీకు దీవులన్నిటిలోకీ అదే పెద్దది. కొండల్ని కత్తితో నిలువునా కోసినట్టుండే ఇరుకు లోయలు అక్కడ చాలా ఉన్నాయి. గండికోట మీదనుంచి పెన్న లోయని చూసే ఉంటారు కదా! అలాంటి లోయ అడుగున నడుచుకుంటూ పోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

క్రీటు వెళ్ళినవాళ్ళంతా సమారియా లోయ పేరే చెబుతారు. అది 16 కిలోమీటర్లు. చిన్నపిల్లల్నీ, పెద్దవాళ్ళనీ వెంటేసుకుని రోజంతా రాళ్ళలో నడవడం మనవల్ల అయ్యే పని కాదు. అందుకే జర్మనీలో ఉండే మా ఆడపడుచు ఇంబ్రోస్ లోయని ఎంచింది. సుమారు 8 కిలోమీటర్లు, కొండ మీది ఊరినుంచి సముద్రం వైపు దిగుడు. రెండున్నర, మూడు గంటల నడక. 2023 మే నెలలో ఆరుగురం వెళ్ళాం. ఆడపడుచు కొడుక్కి ఎనిమిదేళ్ళు, మా అత్తగారికి 68.

"అమ్మ కారులో కూర్చుంటుందిలే" అని మావారు ముందే తేల్చేశారు. మామగారు పోయాక రెండేళ్ళపాటు ఆవిడ గుడికి తప్ప గుమ్మం దాటలేదు. అలాంటి మనిషి, "ఇంతదూరం వచ్చింది కారులో కూర్చోడానికా?" అంటూ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కూతురి బూట్లు వేసుకుని బయల్దేరారు.

దిగుడే కదా అనుకోకండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే కష్టం. కాలికింద గులకరాళ్ళు దొర్లుతుంటాయి. సగం దూరంలో అత్తయ్య ఓ బండమీద చతికిలబడ్డారు. లోపలికి ఏ బండీ రాదు. వెనక్కి వెళ్దామంటే అంతా ఎక్కుడు. మావారి మొహం చూడాలి! నేను నొప్పుల తైలం రాసి, డబ్బాలో పులిహోర తీసి పెట్టాను. పావుగంటకి ఆవిడే లేచి మనవడి భుజం మీద చెయ్యేశారు. అక్కణ్ణించి వాడిదే నాయకత్వం.

లోయ ఒకచోట ఎంత ఇరుకంటే, రెండు చేతులూ చాపితే అటూ ఇటూ గోడలు తగులుతాయి. తల ఎత్తితే ఆకాశం చీర అంచంత కనిపిస్తుంది. ఎండ పడదు, చల్లగా ఉంటుంది. బండల సందుల్లోంచి చెట్లు, మేకల మెడగంటల చప్పుడు. చివరికొస్తుంటే పెద్ద రాతి తోరణం. అక్కడక్కడా పాత రాళ్ళ బాట మిగిలుంది. తారురోడ్డు పడకముందు స్ఫాకియా ప్రాంతం వాళ్ళు పైకి వెళ్ళడానికి ఇదే దారట. 1941 మే నెలాఖరులో జర్మన్ సైన్యం తరుముతుంటే బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు ఈ కొండలు దాటే రేవుకి చేరారు. రాత్రిపూట వచ్చిన ఓడల్లో వేలమంది బయటపడ్డారు, ఎక్కలేకపోయిన వేలమంది ఖైదీలయ్యారు. అది వినగానే అత్తయ్య, "ఏ తల్లి కన్న బిడ్డలో" అని కాసేపు మాట్లాడలేదు.

మీరు వెళ్తే చెప్పులు వద్దు, బూట్లే వేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళైనా పట్టుకెళ్ళండి. పొద్దున్నే మొదలుపెట్టండి. వాన పడ్డ రోజుల్లో మాత్రం ఆ ఛాయలకే పోవద్దు. టిక్కెట్టు కొద్ది యూరోలే. లోయ దిగాక కొమిటాడెస్ అనే ఊరొస్తుంది. కారు పైన వదిలేసినవాళ్ళని తిరిగి చేర్చే టాక్సీలు అక్కడ దొరుకుతాయి. ఎక్కేముందే బేరం మాట్లాడుకోండి.

ఆ ఊళ్ళో తిన్నది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. స్ఫాకియా పిట్ట అంటారు, అచ్చం మన బొబ్బట్టే! పిండిముద్దలో పూర్ణానికి బదులు మేకపాల, గొర్రెపాల మెత్తటి జున్ను పెట్టి, పల్చగా ఒత్తి, పెనం మీద కాల్చి, పైన తేనె పోస్తారు. మనింట్లో అయితే తాజా పనీరు మెత్తగా చిదిమి పెట్టుకోవచ్చు, నేను చేశాను, బాగానే కుదిరింది. అత్తయ్య రెండు తిన్నారు. పిండి కలిపేటప్పుడు చెంచాడు సారా కూడా వేస్తారని ఆడపడుచు నా చెవిలో చెప్పింది. ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలీదు.