నా థీసిస్ ఖరీదు తొమ్మిది వేలు

మా బాబాయి కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. మొన్న ఆదివారం ఫోన్ చేసి "అన్నా, థీసిస్ ఆప్షన్ తీసుకోనా, కోర్సులతోనే లాగించెయ్యనా?" అన్నాడు. ఇంట్లో ఎంటెక్ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఇలాంటి ధర్మసందేహాలన్నీ నా దగ్గరికే వస్తాయి. "రేపు చెప్తాలేరా" అని తప్పించుకున్నాను. ఎందుకు తప్పించుకున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

2006లో నాది ఎంటెక్ రెండో ఏడాది. ఏడాదంతా డిసర్టేషన్ పనే. రూల్స్ మాత్రం గట్టివే. ఏ4 కాగితం, టైమ్స్ న్యూ రోమన్ 12, ఎడమవైపు ఒకటిన్నర అంగుళం మార్జిన్, గైడ్ సంతకంతో సర్టిఫికెట్, బంగారు రంగు అక్షరాలతో హార్డ్ బైండింగ్. మార్జిన్ తగ్గిందని మొత్తం మళ్ళీ ప్రింట్ తీయించారు. లోపలున్నది ఎవరు చేశారని మాత్రం ఎవరూ అడగలేదు.

చేసింది అమీర్‌పేటలో ఓ ప్రాజెక్ట్ సెంటర్. ఐఈఈఈ బేస్ పేపరు, కోడు, డాక్యుమెంటేషను, వైవాకి రెండు క్లాసులు, అన్నీ కలిపి తొమ్మిది వేలు. అడ్‌హాక్ నెట్‌వర్కుల్లో ఏఓడీవీ రౌటింగు, ఎన్ఎస్-2లో సిమ్యులేషను. మీలో కొందరికి ఈపాటికి నవ్వొస్తూ ఉంటుంది, మీదీ అదే అయ్యుండొచ్చు! నాకప్పటికే క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చేసింది. ఇంకెందుకీ తలనొప్పి అనుకున్నాను.

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ పెద్దాయన. పేజీలు తిప్పి ఒక గ్రాఫ్ దగ్గర ఆగారు. "నోడ్లు పెరిగేకొద్దీ ప్యాకెట్ డెలివరీ ఇలా పడిపోయిందేం బాబూ?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన ఓ నిమిషం చూసి, "ఉద్యోగం వచ్చిందా?" అన్నారు. వచ్చిందన్నాను. సంతకం పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

సరే, 2015కి వద్దాం. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ కాల్. ఒక సర్వీసు కొంచెం నెమ్మదించింది. జవాబు రాలేదని క్లయింట్లన్నీ అదే రిక్వెస్ట్ మళ్ళీ మళ్ళీ పంపడం మొదలెట్టాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు సర్వీసు పూర్తిగా కూలబడింది. రిట్రైల మధ్య గ్యాప్ పెంచుకుంటూ పోతే గానీ లేవలేదు. తెల్లారి కాఫీ తాగుతుంటే ఠక్కున వెలిగింది. నా గ్రాఫ్ కూడా ఇదే! ఏఓడీవీలో దారి తెలియనప్పుడు నోడు చుట్టుపక్కల అందరికీ అరిచి చెప్తుంది, వాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళకి. నోడ్లు కదిలి లింకు తెగినప్పుడల్లా మళ్ళీ అరుపులు. నోడ్లు ఎక్కువైతే ఆ అరుపులే ఒకదాన్నొకటి గుద్దుకుని అసలు డేటాకి దారుండదు. నా పేరుతో అచ్చయిన పుస్తకంలోని బొమ్మ నాకు అర్థం కావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇప్పుడు రూల్స్ ఇంకా పెరిగాయి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలికలు 10 శాతం దాటితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్ళీ ఇవ్వాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ పోల్చేది మాటల్ని. డబ్బిచ్చి కొత్తగా రాయించుకున్నది దానికి దొరకదు. ఈ రోజుల్లో అమీర్‌పేట దాకా పోనక్కర్లేదు కూడా, చాట్‌జీపీటీ ఇంటికే వస్తుంది.

మర్నాడు మా తమ్ముడికి ఇదంతా చెప్పాను. థీసిస్ లేకపోయినా ఉద్యోగానికి ఢోకా లేదు, తీసుకుంటే ఇంకో సెమిస్టర్ ఫీజు పడొచ్చు, ప్రొఫెసర్ సరైనవాడు కాకపోతే నరకం, ఇవన్నీ నిజాలే. కానీ ముగ్గురు ప్రొఫెసర్లు ఎదురుగా కూర్చుని "ఎందుకు?" అని అడిగితే నీ సొంత జవాబు చెప్పుకునే అవకాశం ఉద్యోగంలో అంత తీరిగ్గా దొరకదురా అన్నాను. అప్పు లెక్క చూసుకుని నువ్వే తేల్చుకో, తీసుకుంటే మాత్రం నువ్వే చెయ్యి అన్నాను.

వాడు కాసేపాగి, "పెద్దమ్మా వాళ్ళకి తెలుసా అన్నా?" అన్నాడు.

తెలీదు. బంగారు అక్షరాల పుస్తకం ఇప్పటికీ మా ఊళ్ళో టీవీ పక్కన షోకేసులోనే ఉంది. చుట్టాలొస్తే అమ్మ తీసి చూపిస్తుంది.