తాకట్టు కొట్టు పిస్టళ్ళు

పిస్టల్ వెంట ఉంచుకునే లైసెన్సుకు క్లాసు నడిపే పెద్దాయన దగ్గర సాయానికి చేరిన కొత్తలో ఆయన నాకు రెండు పనులు ఒప్పజెప్పారు. శనివారం పొద్దున్నే క్లాసుకు కాఫీ కాచిపెట్టడం ఒకటి, క్లాసుకు కావలసిన పిస్టళ్ళు చౌకలో వెతికిపెట్టడం రెండోది. 2006 అనుకుంటాను, కాదంటే ఆ మరుసటేడు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం దొరుకుతుందని దొంగలకు తెలిసిపోయిన రోజులవి. మా వీధిలోనే ఒకరింటికి పట్టపగలు కన్నం పడింది. ఆ భయంతో లైసెన్సు క్లాసుకు వెళ్ళినదాన్ని లైసెన్సు వచ్చాక కూడా అక్కడే ఉండిపోయాను. తుపాకుల మీద మోజుతో కాదు. పూర్వం డెప్యూటీ షెరిఫ్‌గా చేసిన ఆ పెద్దాయన ప్రతి వస్తువునూ అది ఎలా మోసం చేస్తుందో చెప్పడంతో మొదలుపెట్టేవారు. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అలాంటి మనిషి దొరికితే వదలబుద్ధి కాదు.

ముప్ఫై రెండేళ్ళ వయసు, చేతిలో ఎక్సెల్. ఒకే రకం కొత్త గ్లాక్‌లు, ఒకే రకం పెట్టెలు, ధరల వరస, కింద మొత్తం. ఆ కాగితం ఆయనకిచ్చినప్పుడు నా ముఖంలో ఎంత గర్వం కనిపించిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆయన కళ్ళజోడు పైకెత్తి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. “మేడమ్, ఈ క్లాసుకొచ్చేవాళ్ళ ఇంట్లో ఉండేది ఇది కాదు. వాళ్ళ నాన్న పోతూ వదిలేసింది ఉంటుంది. తాకట్టు కొట్టులో నూటయాభైకి దొరికింది ఉంటుంది. మనం అవి కొందాం” అన్నారు. అటూ ఇటూగా ఇవే మాటలు.

అలా తాకట్టు కొట్ల చుట్టూ తిరిగాం. గిటార్లు, డ్రిల్ మెషిన్లు, ఎవరివో పెళ్ళి ఉంగరాలు, వాటి పక్కన అద్దాల కింద పిస్టళ్ళు. చూసిపెట్టడం నా వంతు. డబ్బు కట్టి, ఫారం నింపి, ఎఫ్‌బీఐ తనిఖీ అయ్యేదాకా నిలబడడం ఆయన వంతు. కౌంటర్ వెనక మనిషి నా చుడీదార్‌నూ నా చేతిలోని రివాల్వర్‌నూ మార్చి మార్చి చూడడం గుర్తుంది. ఆ కొట్టు ఏ రోడ్డులో ఉండేదో మాత్రం ఎంత ఆలోచించినా తట్టడం లేదు.

మొదట దొరికింది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10, .38 రివాల్వర్. ఎనభైల చివర్లో, తొంభైల్లో అమెరికా పోలీసులు రివాల్వర్లు మానేసి సెమీ ఆటోమేటిక్‌లకు మారారు. అప్పుడు వదిలేసినవాటిలో ఇదొకటి. బయటి నీలిరంగు పూత తోలు ఒర రాపిడికి పోయింది, లోపల బాగానే ఉంది. కొత్తవాళ్ళ చేతికి ఆయన ముందు ఇదే ఇచ్చేవారు. సిలిండర్ పక్కకి తెరిస్తే ఆరు గదులూ కనిపిస్తాయి, తూటా ఉందో లేదో కంటితో చూసి తేల్చుకోవచ్చు. హెరిటేజ్ రఫ్ రైడర్ అనే .22 కౌబాయ్ తరహా రివాల్వర్‌లో ఆ సుఖం లేదు. పక్కనున్న చిన్న తలుపు తీసి, సిలిండర్ తిప్పుతూ ఒక్కో గదీ చూసుకోవాలి. నాలుగు చూసి మిగతావీ ఖాళీయే అనుకునేవాళ్ళు ప్రతి క్లాసులోనూ ఒకరుంటారు. అందుకే దాన్ని కొన్నాం.

అసలు పాఠం సెమీ ఆటోమేటిక్‌ల దగ్గర. పోలీసులు వాడి వదిలేసిన స్మిత్ అండ్ వెసన్ 5906 ఒకటి, ఫిలిప్పీన్స్‌లో తయారయ్యే రాక్ ఐలండ్ 1911 ఒకటి బల్లమీద పక్కపక్కన పెట్టేవారు. రెండింటికీ బొటనవేలికి అందేచోట సేఫ్టీ మీట ఉంటుంది. స్మిత్‌లో మీట కిందికి నొక్కితే పేలదు. 1911లో కిందికి నొక్కితే పేలడానికి సిద్ధం. ఒకదాని మీద వేలికి అలవాటు చేసిన మనిషి చీకట్లో రెండోది అందుకుంటే ఏమవుతుందో ఆయన చెప్పేవారు కాదు. ఇద్దరు విద్యార్థుల చేతుల్లో రెండూ పెట్టి “సేఫ్ చేయండి” అని ఊరుకునేవారు. గది నిశ్శబ్దమయ్యేది.

తర్వాత మ్యాగజైన్ సంగతి. 5906లోంచి మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. దాంతో నేర్చుకున్నవాళ్ళకు మ్యాగజైన్ బయటికొస్తే పిస్టల్ ఖాళీ అయినట్టేనన్న నమ్మకం కుదిరిపోతుంది. ఆయన 1911 ఛాంబర్‌లో ఒక డమ్మీ తూటా వేసి, మ్యాగజైన్ తీసి బల్లమీద పెట్టి, “ఇప్పుడిది ఖాళీయేనా?” అని అడిగేవారు. సగంమంది తలూపేవారు. మూతి ఇసుక బకెట్‌లోకి పెట్టి ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ టక్కుమని పడేది. నేను కూడా మొదటిసారి తలూపినదాన్నే. క్లాసు గదిలోకి నిజమైన తూటా ఒక్కటీ రాకూడదన్నది ఆయన నియమం. విద్యార్థుల సంచులు సైతం బయటి గదిలోనే.

హై పాయింట్ గురించి చెప్పకపోతే అన్యాయం. ఒహాయో రాష్ట్రం మాన్స్‌ఫీల్డ్‌లో తయారయ్యే 9 మిల్లీమీటర్ల పిస్టల్. అందం అనే మాట దాని దరిదాపులకు రాదు. వెనక్కి కొట్టే దెబ్బను ఆపడానికి ఖరీదైన పిస్టళ్ళలో ఉండే తాళం అమరిక ఇందులో లేదు. స్లయిడ్ బరువూ స్ప్రింగ్ బిగువూ ఆ పని చేయాలి. అందుకే స్లయిడ్ జింక్ మిశ్రమంతో పోసిన దిమ్మలా ఉంటుంది. మా అమ్మ ఇనప పెనం ఎత్తినట్టే ఎత్తాలి దాన్ని. సన్నని మణికట్లున్న ఆడవాళ్ళు దాని స్లయిడ్ లాగలేక విసుక్కునేవారు. చేతుల బలంతో లాగడం మాని, పిస్టల్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకుని స్లయిడ్‌ను గట్టిగా పట్టి రెండో చేత్తో పిడిని ముందుకు తోయడం వాళ్ళకి అలా వచ్చింది. అప్పట్లో టెక్సాస్ నియమం ఒకటుండేది, 2013లో ఎత్తేశారు. రివాల్వర్‌తో పరీక్ష ఇస్తే లైసెన్సు రివాల్వర్లకే, సెమీ ఆటోమేటిక్‌తో ఇస్తే రెండింటికీ. ఆ యాభై గుళ్ళ పరీక్షకు చాలామంది మా హై పాయింట్‌నే అద్దెకు తీసుకునేవారు.

వాటన్నిటిలో పనికిమాలినది బ్రైకో. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల డెబ్బైల నుంచీ ఇలాంటి జింకు పిస్టళ్ళు పోసే కంపెనీలు కొన్ని ఉండేవి. ఆ పిస్టళ్ళను జనం “సాటర్డే నైట్ స్పెషల్” అనేవారు. మేం కొన్న బ్రైకోలో ఫైరింగ్ పిన్ పీకేశాం. దాని సేఫ్టీ పెట్టి ఉంటే స్లయిడ్ కదలదు. ఛాంబర్ ఖాళీ చేయాలంటే ముందు సేఫ్టీ తీయాలి. 1994లో కాలిఫోర్నియాలో ఒక ఏడేళ్ళ పిల్లవాణ్ణి చూసుకుంటున్న యువకుడు అలాంటి పిస్టల్ ఖాళీ చేయబోతుంటే అది పేలి ఆ పిల్లవాడికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. 2003లో జ్యూరీ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, కంపెనీ దివాలా తీసింది. పెద్దాయన ఈ కథ చెప్పాక విద్యార్థుల్లో ఎవరో ఒకరు తమ ఇంట్లో ఉన్నది ఏ కంపెనీదో చూడాలని లేచి ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళేవారు.

ఇంటికొచ్చేసరికి చేతులకు తుపాకీ శుభ్రం చేసే ద్రావకం వాసన. హాపీస్ నంబర్ 9, కాస్త తియ్యగా, కాస్త కిరోసిన్‌లా. సీసం అంటుకుని ఉంటుందని చన్నీళ్ళతో సబ్బుపెట్టి మోచేతులదాకా కడిగి గానీ వంటగదిలోకి వెళ్ళేదాన్ని కాను. కరీంనగర్ నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మకు ఇదంతా నచ్చలేదు. “గదేంది బిడ్డా, నీకు గివన్నెందుకు? మీ తాత తుపాకి పెట్టుకుని ఏం బాగుపడ్డడు?” అంది. తాతకు లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకీ ఉండేది. ఎలక్షన్లొస్తే ఠాణాలో జమచేసి రసీదు తెచ్చుకునేవాడు. ఒక రాత్రి నక్సలైట్ అన్నలొచ్చి అడిగితే ఇచ్చేశాడట. అప్పుడు నేను చిన్నపిల్లను. గుర్తున్నదల్లా గోడకు ఖాళీగా మిగిలిన మేకులు. అవి కూడా చూసినవో, అమ్మ చెప్తే కళ్ళకు కట్టినవో!

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలోని బార్‌లో మనవాళ్ళ మీద కాల్పులు జరిగి హైదరాబాద్ ఇంజనీరు ఒకరు చనిపోయాక మా ఫోను మోగుతూనే ఉంది, దాదాపు అన్నీ తెలుగు గొంతులే. ఆఫీసు కుర్రాడొకడు “అక్కా, నాకూ నేర్పించు” అని పట్టుబట్టాడు. హెచ్1బీ మీద ఉన్నవాడు. వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకపోతే ఆ వీసా ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. నీలిరంగు ప్లాస్టిక్ నమూనా ఇచ్చి నాలుగు జాగ్రత్తలు చెప్పి పంపాను. “గ్రీన్ కార్డు వచ్చాక రా” అంటే “అప్పటికి చెయ్యి వణుకుతుందేమో అక్కా” అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ వారంలో నేను నవ్వింది అప్పుడేనేమో.

ఎఫ్‌బీఐ మళ్ళీ 9 మిల్లీమీటర్లకు మారాక పోలీసు శాఖలు .40 గ్లాక్‌లను వదిలించుకున్నాయి. నా ఎక్సెల్‌లోని గ్లాక్ అలా సగం ధరకు, గీతలు పడి, మా పెట్టెలోకి చేరింది. విప్పదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిన పిస్టల్ అది. ఛాంబర్ చూసుకోనివాడికి అక్కడే గండం.

2021 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. క్లాసులు పల్చబడ్డాయి. పెద్దాయన విశ్రాంతి తీసుకుని తుపాకుల పెట్టె నాకిచ్చేశారు. కొత్త కుర్రాళ్ళు లేజర్ నమూనాలు మేలంటారు. మేలే, కొన్నాను కూడా. పెట్టె మాత్రం తీసేయలేదు.

ఈమధ్య ఒక తెలుగు డాక్టరుగారు మా బల్లమీది హై పాయింట్ ఎత్తి చూసి, “అక్కా, దీన్ని ఎవరైనా డబ్బిచ్చి కొంటారా?” అని నవ్వారు. పక్క కుర్చీలో డెబ్బై దాటిన తెల్లావిడ. తెలుగు తెలియకపోయినా నవ్వు అర్థమైనట్టుంది. “మా ఇంట్లో ఉన్నది అదే. మావారు పోయాక అల్మరాలో దొరికింది. లోపల గుండు ఉందో లేదో తెలీదు, ముట్టుకోవాలంటే భయం. అది చూడడం నేర్పిస్తారని వచ్చాను” అంది. డాక్టరుగారు పిస్టల్‌ను బల్లమీద పెట్టేశారు. ఆ రోజు నేను మోడల్ 10 తీయలేదు. హై పాయింట్‌ను ఆవిడ ముందుకు జరిపి, స్లయిడ్ ఎక్కడ పట్టుకోవాలో చూపించాను.